నటాషా కూతురి పేరు

మామయ్యగారూ,

ఇవాళ మీ వర్ధంతి. మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కనే షామియానా వేయించారు మీ అబ్బాయి. అందరూ దగ్గుకుంటూనే మిమ్మల్ని పొగిడారు.

రష్యా కోడలినని నన్ను ఊరంతటికీ గర్వంగా చూపించేవారు మీరు. మీరు పోయాక మా దేశం ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. ఆ మాట మీకు చెప్పాల్సిన పని నాకు తప్పింది. ఇక్కడ నన్నెవరూ తిట్టరు. "మీవాళ్లు గట్టోళ్లమ్మా" అని మెచ్చుకుంటారు. నాకు తలెత్తబుద్ధి కాదు.

రష్యా మీద అభిమానంతో మీరు పేరు పెట్టిన నటాషా, ట్రాక్టర్ కోటయ్య కూతురు, తన పసిపిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "పెద్దాయన ఉంటే ఆయనే పెట్టేవారు ఆంటీ. మీ దేశం పేరు ఒకటి మీరు పెట్టండి" అంది.

"గెలిచే పేరు పెట్టమ్మా" అన్నాడు కోటయ్య.

మా దేశం పేరు ఒక్కటీ నోటికి రాలేదు. "ఒక్సానా" అన్నాను.

ఒక్సానా మీకు గుర్తుండే ఉంటుంది. నాతో మెడిసిన్ చదివిన ఉక్రెయిన్ పిల్ల. మా పెళ్లికొచ్చి, పండుమిరప పచ్చడికి కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ వేయించుకున్న పిల్ల. వాళ్ల ఊరి మీద మావాళ్ల బాంబులు పడ్డప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తలేకపోతోందో, నా ఫోనని ఎత్తడం లేదో తెలియదు.

కోటయ్య మైకు అందుకున్నాడు. "మన రష్యా కోడలు నా మనవరాలికి రష్యా పేరు పెట్టింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పుడుకి పిల్ల ఉలిక్కిపడింది. దాని చెవులు మూయడం తప్ప నాకింకేమీ చేతకాలేదు, మామయ్యగారూ.