మంచు దేశపు టైర్లు

గల్ఫ్‌లో సజ్జా క్యాంపు, జూన్ 1984. గురువారం రాత్రి.

మా మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, అసలు బుద్ధి ఇవాళ బయటపడింది.

మంచు దేశాల్లో వాడి పారేసిన టైర్లను చవగ్గా తెచ్చి నేను నడిపే లేబర్ బస్సుకు వేయించాడు. చలికి బిగుసుకుపోకూడదని మెత్తటి రబ్బరుతో చేసినవి అవి. ఈ ఎండలో వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. మలుపులో బస్సు తూలుతోంది, బ్రేకు వేస్తే జారుతోంది. వారం నుంచి మొత్తుకుంటున్నాను. "ఖలాస్! టైర్ అచ్ఛా హై" అని, ఇక చాలు నోరు మూయమన్నట్టు కసురుతాడు.

వాడి సంగతి సరే, మనవాళ్లను చూస్తే ఇంకా ఒళ్లు మండుతోంది. పొద్దున బస్సులో ఈ మాట ఎత్తగానే, నా పక్క మంచం లింగయ్య అందుకున్నాడు.

"పాత టైర్లకు నడుములు ఇరిగినయన్నా. గిప్పుడు మెత్తగ పోతున్నది, జర కునుకు పడుతున్నది. నీకేం నొప్పి?"

బస్సంతా నవ్వింది. నవ్వండి, పడుకోండి. స్టీరింగ్ పట్టుకుని చచ్చేది నేను కదా.

సాయంత్రం ముదీర్ పిలిచాడు. రేపు సెలవు కాబట్టి వాళ్ల పిల్లలు, చుట్టాలు మా బస్సులోనే సముద్రానికి పోతారట. ముందు తీసేసిన పాత టైర్లు మళ్లీ ఎక్కించమన్నాడు. "బచ్చే లోగ్ హై, సేఫ్టీ చాహియే" అన్నాడు, నా మొహం చూడకుండా. శనివారం మళ్లీ మెత్తవే వేయాలట.

పళ్లు కొరుక్కుంటూ మార్చాను. గదికి వచ్చి లింగయ్యకు అంతా చెప్పాను. పిల్లల సంగతి కూడా చెప్పాను. వాడు ఆవలించి అడిగింది ఒక్కటే.

"శనివారం మల్ల మెత్తటియి ఏస్తవు గదన్నా?"