స్పోకుల చక్రాలు

స్టోక్‌లీ,
లడ్లో దగ్గర, ష్రాప్‌షైర్.
16 నవంబరు 1987, సోమవారం.

ప్రియమైన నెవిల్‌కు,

ఎనిడ్ గార్బెట్ రాస్తున్నది. నువ్వూ మీ అక్కా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం మొదలుపెట్టాక మేమూ ఇక్కడ కులాసా అని రాయడం మర్యాద. కానీ ఆ అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. క్లెమ్‌కి తిండి సయించడం లేదు, నాకు నిద్ర పట్టడం లేదు. పెళ్ళయిన మర్నాడే తమ్ముణ్ణి పోగొట్టుకున్న పిల్ల ఎలా ఉంటుందో రోసలిండ్ అలా ఉంది. కుక్క ఒక్కటే బాగుంది.

కవరు మీద నా చేతిరాత చూడగానే పొయ్యిలో పడేద్దామనిపించి ఉంటుంది. తప్పు పట్టను. అయితే ఇంత దూరం చదివావు కాబట్టి చివరి ముక్క దాకా చదువు.

అసలు సంగతి ముందే చెబుతాను. ఈ నెల ఇరవై తొమ్మిదిన, ఆదివారం మధ్యాహ్నం, మీ కార్ల క్లబ్బు వార్షిక సమావేశం. ఎప్పటిలాగే చర్చి హాల్లో. క్లెమ్ లేచి నిలబడి ఒక తీర్మానం పెట్టబోతున్నాడు. నీ శాశ్వత సభ్యత్వం తీసేయాలని, సభ్యులెవరూ తమ బండి నీ చేతికి ఇవ్వకూడదని. అందరూ చేతులెత్తుతారు. ఆ తర్వాత ఈ జిల్లాలో నీ చేత ఒక మేకు కూడా కొట్టించుకునేవాడు ఉండడు. నువ్వు ఆ సమావేశానికి రావాలి. అందుకే ఈ ఉత్తరం.

నీ వర్క్‌షాపు తలుపు మీద ఎవరో ఎర్ర రంగుతో ‘హంతకుడు’ అని రాశారు. ఎవరో నాకు తెలుసు, వాళ్ళ అమ్మకీ తెలుసు. నెల రోజుల వానకి కూడా పోలేదు. నిన్న చర్చి నుంచి వస్తూ వస్తూనే బకెట్టూ బ్రష్షూ పట్టుకెళ్ళి నేనే రుద్దాను. పోస్టాఫీసు మిసెస్ ప్యూ రోడ్డుకి అవతల నిలబడి, “నువ్వా ఎనిడ్! కన్నతల్లివి, నువ్వా కడిగేది?” అంది. “అవును, ఇంకో చెయ్యి కూడా సాయం ఉంటే తొందరగా అయిపోతుంది,” అన్నాను. ఆవిడకి ఇంట్లో ఏదో పని గుర్తొచ్చింది. ‘హం’ మాత్రం ఇంకా కాస్త కనబడుతోంది.

చేతులు రుద్దుతుంటే మనసు నువ్వూ, క్లెమూ, మా ఏడ్రియనూ, మీ ముగ్గురి చుట్టూనే తిరిగింది. పెళ్ళయ్యాక చర్చి నుంచి నేను అత్తవారింటికి వెళ్ళింది ఆ ఎంజీ కారులోనే కదా. క్లెమ్ ఇరవై ఏళ్ళకి పైగా దాన్ని తుడిచాడు. నన్ను కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు, నేనూ ఆశించలేదు. ఏడ్రియన్‌కి ఇరవై ఒకటి నిండిన రోజున తాళంచెవి వాడి చేతిలో పెట్టి, ఏదో వెతుక్కునేవాడిలా షెడ్డులోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వాడేం చేశాడు? మరుసటి వారమే నీ దగ్గరికి పరుగెత్తాడు, ఉన్న ఇంజను తీసేసి పాత రోవర్ కారు నుంచి ఎనిమిది సిలిండర్లది పెట్టమని.

ఆ రోజు మీ వర్క్‌షాపులో జరిగిన గొడవ నీకు గుర్తుందో లేదో. నేను టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

“ఏరా నెవిల్, రేపు మా ఆవిణ్ణి తీసుకొచ్చినా నీ ఇష్టమొచ్చిన గుండె బిగించి పంపుతావా?” అన్నాడు క్లెమ్.

“ఎనిడ్ గుండెకేం, రాయిలా ఉంది. ముందు నీ బుర్ర విప్పాలి,” అన్నావు నువ్వు.

ఏడ్రియన్ మధ్యలోకి దూరి, “నాన్నా, కొండెక్కేటప్పుడు పాలబండి వాడు హారన్ కొట్టి మరీ దాటేస్తున్నాడు. చెయ్యి కూడా ఊపుతున్నాడు నాన్నా!” అన్నాడు. క్లెమ్‌కి నవ్వొచ్చింది. నవ్వాక మరి కాదనలేకపోయాడు.

శీతాకాలమంతా నువ్వూ ఏడ్రియనూ ఆ బండి కిందే పడుకున్నారు. ఇంజను గొలుసులకి వేలాడదీసి దించడం, ఎక్కడో తగలడం, మళ్ళీ ఎత్తడం. లోపలి రేకుని నువ్వు సుత్తితో కొట్టి వెనక్కి వంచుతుంటే ఆ చప్పుడుకి క్లెమ్ మొహం ముడుచుకునేవాడు, తన పక్కటెముకల మీద కొడుతున్నట్టు. ఒక సాయంత్రం ఏడ్రియన్ వచ్చి మన వంటింటి తలుపు రంగు డబ్బాలో అడుగున కాస్త మిగిలిందేమో ఇమ్మన్నాడు. “దేనికిరా?” అంటే, “చక్రాల వెనక దాక్కునే వాటికమ్మా. నెవ్ బాబాయ్ ఎరుపంటాడు, నేను మన తలుపు పచ్చ వేద్దామంటున్నా. నువ్వు ఎవరి పక్షం?” అన్నాడు. నా తలుపు పక్షం అన్నాను. ఇచ్చాను. బ్రష్షు తిరిగి ఇవ్వలేదు వెధవ.

తీసిన పాత భాగాలన్నీ క్లెమ్ ఇంటికి మోసుకొచ్చాడు. అది మీ క్లబ్బు వాళ్ళ మతం కదా, ఏ ముక్కా పారేయకూడదు, ఎప్పటికైనా బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మళ్ళీ చేసేలా ఉండాలి. ఇంజను, బిళ్ళలు, గొట్టాలు, అన్నీ నూనె గుడ్డల్లో చుట్టి పనిబల్ల కింద పేర్చాడు. సైకిలు చక్రాల్లా స్పోకులుండే ఆ పాత చక్రాల్ని మాత్రం గోడకి తగిలించాడు. “అవి ఇక పట్టవురా క్లెమ్, లోపల చోటు చాలదు. నచ్చినా నచ్చకపోయినా ఈ కొత్తవే,” అని నువ్వు చెప్పావు. కొత్త చక్రాలు మందంగా, మొద్దుగా ఉన్నాయని క్లెమ్ రోజూ గొణిగేవాడు. లారీకి పుట్టినట్టున్నాయట.

తర్వాత రోసలిండ్ పెళ్ళి. మా పెళ్ళి ఫొటోలో ఉన్నట్టే, అదే చర్చి ముందు, అదే కారులో, అదే వైపు తిరిగి ఫొటో దిగుతానంది పిల్ల. క్లెమ్ ఆ గురువారం షెడ్డు తలుపు వేసుకుని రెండు రోజులు పనిచేశాడు. ఏడ్రియన్ బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగంలో ఉన్నాడు, శనివారం పొద్దున నేరుగా చర్చికే వచ్చాడు. రిబ్బన్లు కట్టిన బండికి స్పోకుల చక్రాలు మెరుస్తుంటే చూసి ఈల వేశాడు. “ఇవి పట్టవన్నాడు కదా నెవ్ బాబాయ్?” అన్నాడు. “నేను పట్టించాను,” అన్నాడు క్లెమ్. అంతలో ఫొటో ఆయన అందరినీ వరసలో నిలబడమన్నాడు. నువ్వు అప్పుడు జ్వరంతో మంచంలో ఉన్నావు. ఆ జ్వరం మరో వారం ఆగి రాకూడదా అని ఇప్పుడు అనుకుంటాను.

ఆదివారం మధ్యాహ్నం కొత్త జంట మరిచిపోయిన పెట్టె స్టేషన్లో ఇచ్చి రావడానికి ఏడ్రియన్ బయల్దేరాడు. క్లెమ్ గేటు దాకా వెళ్ళాడు. “మెల్లిగా పోరా,” అన్నాడు. వాడు చెయ్యి ఊపాడు. క్లెమ్ రోడ్డు మీదికి నడిచి, “విన్నావా? మెల్లిగా!” అని మళ్ళీ అరిచాడు. ఎన్నడూ అలా అనని మనిషి. కూతురు వెళ్ళిపోయిన బెంగ అనుకున్నాను.

మిల్లు దగ్గరి వాలు ఎంత నిటారో నీకు నేను చెప్పాలా? కింద వంతెన గోడ.

విచారణ రోజున పోలీసుల నిపుణుడు చెప్పింది విని హాలంతా నీ వైపు తిరిగింది. బండికి రెట్టింపు బలం ఇచ్చి, బ్రేకులు మాత్రం పాత చిన్న ఇంజనుకి సరిపోయేవే ఉంచారని, వాలు మధ్యకి వచ్చేసరికి అవి కాలిపోయి పట్టు వదిలేశాయని. ఫొటోలు నీ చేతికిచ్చారు. నేను వాటిని చూడలేదు, చూడలేను. నువ్వు చూశావు. చాలాసేపు చూశావు. తర్వాత తలెత్తి క్లెమ్‌ని చూశావు, తర్వాత నన్ను చూశావు. ఏమైనా చెప్పదలుచుకున్నావా అని విచారణ జరిపే కరోనర్ అడిగితే, “ఆ ఇంజను పెట్టింది నేను. నాకింకేం చెప్పడానికి లేదు,” అన్నావు. అంతే. వెనక వరసలో ఎవరో ఉమ్మారు. నేను కూడా నిన్ను ఆ నిమిషం అసహ్యించుకున్నాను నెవిల్. నా కొడుకుని చంపినవాడికి నాలుగు ముక్కలు కూడా దొరకలేదా అనుకున్నాను.

ఆ రోజు నుంచి క్లెమ్ నోట నీ పేరు తప్ప ఇంకో మాట లేదు. పబ్‌లో నీ పేరే, క్షౌరశాలలో నీ పేరే. పరామర్శకి వచ్చినవాళ్ళు టీ కప్పు చేతిలో పట్టుకోకముందే మొదలుపెడతాడు. నిన్ను ఊరు వదిలేలా చేసింది జనం కాదు, క్లెమే. ముప్ఫై ఏళ్ళ స్నేహితుడి మీద ఇంత ద్వేషం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఇప్పుడు లేదు.

రోసలిండ్‌కి మూడో నెల. ఈ సంగతి సంతోషంగా రాయాల్సింది. పిల్లాడు పుడితే తమ్ముడి పేరు పెడతానంటోంది. నేను సరేనన్నాను, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను.

ఇరవై తొమ్మిదిన మధ్యాహ్నం బస్సుకి రా. బస్టాపులో నేను ఉంటాను. మనిద్దరం కలిసే హాల్లోకి వెళదాం. చూసేవాళ్ళు చూడనీ.

ఇట్లు,
నీ టీలో ఎప్పుడూ చక్కెర ఎక్కువ వేసే
ఎనిడ్ గార్బెట్

తా.క.: పైన రాద్దామని మూడుసార్లు మొదలుపెట్టి రాయలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. మొన్న శుక్రవారం వూస్టర్ నుంచి ఒకాయన పాత ఇంజను కొనుక్కోవడానికి వచ్చాడు. క్లెమ్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఇంకా రాలేదు. ఆయన్ని షెడ్డులోకి నేనే తీసుకెళ్ళాను. ఇంజను వెనక ఇంకో మూట ఉంది, నా పాత ఏప్రన్‌లో చుట్టి. ఆయన విప్పి చూసి, “ఇవి ఆ బండితో వచ్చినవి కావమ్మా, చాలా పెద్ద బ్రేకులు. ఇవి ఉంటే స్పోకుల చక్రాలు పట్టవు,” అని పక్కన పెట్టేశాడు. అవి నా వంటింటి తలుపు రంగులో ఉన్నాయి. ఒకదాని మీద ఆరిన రంగులో ఏడ్రియన్ తీసుకెళ్ళిన బ్రష్షు వెంట్రుక అతుక్కుని ఉంది.

నువ్వు పెద్ద బ్రేకులు వేశావు. ఫొటో కోసం క్లెమ్ వాటిని విప్పి పాతవి బిగించాడు. పోలీసుల ఫొటోల్లో పచ్చ రంగు లేకపోవడం నువ్వు చూశావు, ఎవరి పనో నీకు ఆ క్షణమే తెలిసింది. కొడుకు పోయినదానికి మొగుడు కూడా లేకుండా పోకూడదని నోరు మూసుకున్నావు. నన్నొక మాట అడగాల్సింది.

ఈ పొద్దున వాటిని క్లెమ్ కూర్చునే చోట, కంచం పక్కన పెట్టాను. వచ్చాడు, చూశాడు, కాస్త అవతలికి జరిపి కూర్చున్నాడు. గుడ్డు చల్లారిపోయింది. “మెల్లిగా పొమ్మని చెప్పాను కదా ఎనిడ్. రెండుసార్లు చెప్పాను,” అన్నాడు. ఎందుకు మెల్లిగా పోవాలో వాడికి చెప్పావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

ఆ ఆదివారం అవి నా సంచీలో ఉంటాయి. హాలు దాకా ఒక్కదాన్నే మోయలేను నెవిల్. రా.