పిట్ట ముట్టని సర్వపిండి

జనగామ

అక్క వజ్రమ్మకు తమ్ముడు బాలనర్సయ్య దండం పెట్టి రాసేది.

ఫోన్లో నా గొంతు నీకు వినపడదు కాబట్టి మనకు ఉత్తరాలే దిక్కు. బస్సు కార్గోలో నాలుగు పెట్టెల పుస్తకాలు పంపాను. నీ కొడుకు హరీశ్‌ను పంపి తెప్పించుకో. దంతవైద్యం బావకు, తేనెటీగల పెంపకం హరీశ్‌కు, పడవల తయారీ కోడలు శ్వేతకు, మేకల రోగాలు నీకు. ఈజిప్టు చరిత్ర చదువుకున్నవాడికి ఇవన్నీ ఎందుకని బావ ఎప్పుడూ నవ్వుతాడు. ఆ ఈజిప్టు వాళ్లు తేనె తీశారు, పడవలు కట్టారు, పంటి నొప్పితో ఏడ్చారు. అవన్నీ తెలియకుండా వాళ్లెట్లా అర్థమవుతారు? ఇప్పుడిక ఈ పుస్తకాలతో నాకు పని లేదు, మీరే ఉంచుకోండి.

ఇంకో మాట అడగాలి. నేను పోయిన మూడో రోజున పిట్టకు పెట్టేటప్పుడు, కాకి కోసం పరిచే విస్తరిలో నా పేర ఏమేం పెడతావు? బాగా ఆలోచించి వివరంగా రాయి. కొంచెం తొందరగా కావాలి.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: కల్లు పెడతావా? ఈజిప్టులో అయితే బీరు పెట్టేవారు.

*

చెల్పూర్

చిరంజీవి తమ్ముడు నర్సయ్యకు అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూడలేదు. అవేం మాటలు? ఒంట్లో ఎట్లా ఉంది? అన్నం సయిస్తున్నదా? ప్రాణంలా చూసుకునే పుస్తకాలను పంచిపెడుతున్నావంటే నాకు గుండె దడగా ఉంది. బడిలో నాకు పలక కొనిస్తే అది కూడా లాక్కున్నవాడివి నువ్వు, పుస్తకం చేజార్చే రకం కాదు.

హరీశ్ నీకు ఎప్పుడు ఫోన్ చేసినా ఎంగేజే. పొద్దున ఎంగేజ్, మాపటికి ఎంగేజ్. "మామ డాక్టర్లతోని మాట్లాడుతున్నట్టున్నడే అవ్వా" అన్నాడు. నిజమేనా? నా దగ్గర దాచకు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: మీ బావ దంతవైద్యం సగం చదివాడు. పాలాయన వస్తే "జర నోరు తెరువు" అంటున్నాడు. ఆయన ఇప్పుడు పాలు గేటు బయటే పెట్టి పోతున్నాడు.

*

జనగామ

అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది.

నాకేం రోగం? నిక్షేపంగా ఉన్నాను. ఫోన్ సంగతి తర్వాత చెబుతాను. నేను అడిగింది ఒకటి, నువ్వు రాసింది ఒకటి. విస్తరిలో ఏం పెడతావో రాయమంటే అన్నం సయిస్తున్నదా అంటావేం?

పుస్తకాల గది ఖాళీ చేయించి తెల్ల సున్నం వేయించాను. వడ్రంగి అమీర్ అలీ వచ్చి నన్ను నేల మీద పడుకోబెట్టి తల నుంచి కాలి దాకా కొలుచుకుని పోయాడు. మూత ఉన్న పెట్టె చేస్తున్నాడు, అచ్చం ఈజిప్టు తరహా. పనితనం చూస్తే నీ కళ్లు చెమరుస్తాయి.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: పెట్టెలో పడుకుని చూశాను. కాళ్లు తగులుతున్నాయి. జానెడు పెంచమన్నాను.

*

చెల్పూర్

నాయినా నర్సయ్యా, మీ అక్క ఏడుస్తూ రాసేది.

ఇంక దాచకు. హరీశ్ జనగామకు వచ్చి పోయాడు. నీ ఇంటికి తాళం. పక్కింటావిడ "సారు మానుకోటకు వోయిండు, ఈ నడుమ అక్కడికే వోతున్నడు" అన్నదట. మానుకోటలో పెద్ద దవాఖాన ఉంది, నాకు తెలియదా? కిటికీలోంచి తొంగి చూస్తే తెల్లగోడల గదిలో నడిమధ్య ఆ పెట్టె ఒక్కటే ఉందట. పిల్లవాడు ఇంటికి వచ్చి ముద్ద ముట్టలేదు.

నువ్వడిగావు కాబట్టి గుండె రాయి చేసుకుని చెబుతున్నా. సర్వపిండి, తలకాయ కూర, కల్లు, చివర్లో నీకిష్టమైన గారెలు. సరిపోతాయో లేదో చూద్దామని నిన్న గోడ మీద పెట్టి చూశాను కూడా. కాకి వచ్చింది, చూసింది, ముట్టకుండా ఎగిరిపోయింది! పక్కింటి యాకమ్మ అన్నది: "ఆయినెకు ఏదో కోరిక మిగిలిందక్కా. గందుకే ముడుతలేదు."

బతికున్నవాడికి పిట్టకు పెట్టొచ్చా అని మీ బావ తిట్టాడు. తిట్టనీ. ఆ కోరికేదో చెప్పు తమ్మీ. ఏదైనా సరే తీరుస్తా, కాదనను, నా పిల్లల మీద ఒట్టు. పెళ్లి చేసుకోమని ఎన్నేళ్లు చెప్పాను! మంచి నీళ్లిచ్చే మనిషి కూడా లేకుండా ఆ ఇంట్లో ఒక్కడివే ఉన్నావని తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. ఆదివారం అందరం కారులో వస్తున్నాం.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఆ సర్వపిండి మీ బావ తిన్నాడు. ఆయనకు కోరికలేం మిగల్లేదట.

*

జనగామ

అక్కకు తమ్ముడు రెండు చేతులూ జోడించి రాసేది.

ఏడవకు అక్కా. నేను బతికే ఉన్నాను, ఇంకా చాలా రోజులు ఉంటాను. తప్పంతా నాదే. ఈజిప్టు వాళ్లు చచ్చినవారికి పెట్టిన తిండికీ, మనం పిట్టకు పెట్టే తిండికీ పోలికలు రాస్తున్నాను. అందుకే అడిగాను. అది పుస్తకం కోసమని రాయడం మరిచాను. ఆ పెట్టె లింగాల ఘనపూర్ బడి ప్రదర్శనకు. పిల్లలకు మమ్మీని చూపిస్తానని మాటిచ్చాను. మమ్మీ ఎక్కడ దొరుకుతుంది? గుడ్డలు చుట్టుకుని నేనే పడుకుంటున్నాను.

అయితే కాకి తప్పేం లేదు. కోరిక ఉంది.

మానుకోటలో ఉమారాణి అని ఉంది. చెట్లూ మొక్కల పాఠాలు చెప్పి రిటైరయింది. భర్త పోయి చాలా కాలమైంది. ఈజిప్టు వాళ్లు దండల్లో గుచ్చిన ఆకుల గురించి అడగడానికి పోయాను. ఆకులు అయిపోయినా మాటలు అయిపోలేదు. ఎంగేజ్ వచ్చింది ఆమె వల్లే. ఆ గది ఆమెకోసమే ఖాళీ చేశాను. పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం. ఈ వయసులో ఇదేం బుద్ధి అంటావని నీకు చెప్పలేక చచ్చాను. పెట్టెలో పడుకున్నప్పుడు కూడా అంత భయం వేయలేదు. నీ ఒట్టు చదివాక మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. పిల్లల మీద వేశావు, తీసేయడానికి వీల్లేదు.

ఆదివారం మీరు రావద్దు. మేమిద్దరమే చెల్పూర్ వస్తున్నాం.

ఇట్లు,
నిండు నూరేళ్లూ బతకదలచిన నీ తమ్ముడు

తా.క.: "మీ అక్కకు ఏం ఇష్టం? వచ్చేటప్పుడు పట్టుకొద్దాం" అని ఉమారాణి అడిగింది. మూడు వేల ఏళ్ల కింద పోయిన రాజులు ఏం తినేవారో చెప్పగలను కానీ, నీకేం ఇష్టమో నాకు తెలియదు. నాకు పెట్టడమే తప్ప నీకోసం నువ్వు ఏనాడూ ఏమీ అడగలేదు. ఏం తేవాలో వెంటనే రాయి అక్కా.