తల పైకి పెట్టుకుని కూర్చున్న బిడ్డ

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకి,

పద్మ నమస్కరించి రాస్తున్నది. నువ్వూ, నాన్నా, మామ్మా, తమ్ముడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మామ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ముగ్గురం అని రాయాలేమో, ఎనిమిదో నెల నడుస్తోంది కదా!

నీకు వినికిడి పోయినప్పటి నుంచి, నేను ఫోన్లో అరగంట చెప్పింది నాన్న నీకు మూడు సైగల్లో తేల్చేస్తున్నారు. తింది, పడుకుంది, బాగుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

ఇక్కడి ఉక్క చెప్పలేను. సముద్రపు తేమకి ఆరేసిన బట్టలు ఆరి చావవు. మీ అల్లుడికి ఈ వారం ప్లాంట్‌లో మధ్యాహ్నం షిఫ్టు. ఆయన వెళ్ళగానే ఇల్లు బావురుమంటుంది. అప్పుడు పక్కింటి నూకరత్నం పిన్ని ఏదో ఒక గిన్నె పట్టుకొచ్చి నా దగ్గర కూర్చుంటుంది. వీళ్ళు పులుసుల్లో బెల్లం వేస్తారమ్మా! మొదట్లో నోట పెట్టలేకపోయాను, ఇప్పుడు గిన్నె నాకేస్తున్నాను. నేను తిన్నవాటి రుచి, లోపల బిడ్డ మింగే నీటిలోకి కూడా కాస్త చేరుతుందని డాక్టరమ్మ చెప్పింది. అంటే నీ మనవడో మనవరాలో పుట్టకముందే బెల్లం పులుసు రుచి మరిగినట్టే.

డాక్టరమ్మని ప్రశ్నలతో చంపేస్తున్నాను. నా కడుపులో ఒకరు కాపురం పెట్టినప్పుడు లోపల ఏం చేస్తున్నారో తెలుసుకోవద్దూ? ఇప్పుడు రెప్పలు తెరిచి మూస్తుందట. వెలుతురు కొద్దిగా తెలుస్తుందట. గోళ్ళు వచ్చేశాయట, అప్పుడే! ముడతలు పడిన చర్మం కింద కొవ్వు చేరి ఒళ్ళు నున్నబడుతోందట. ఊపిరితిత్తులకి మాత్రం ఇంకా కొంత పని మిగిలి ఉందట. ఆడో మగో అడక్కూడదు, వాళ్ళూ చెప్పరు. నూకరత్నం పిన్ని మాత్రం నా పొట్ట వంక చూసి తీర్పు చెప్పేసింది. "నాను సెప్తన్నాను సూడు, గుంటే పుడతాది." ఇక్కడ ఆడపిల్లని గుంట అంటారులే.

మొన్న గురువారం పొట్టలో టక్ టక్‌మని ఒకే వరసన కొట్టుకోవడం మొదలైంది. తన్నడంలా లేదు. బొడ్డుకి బాగా పైన, ఆగకుండా. బిడ్డ గుండెకేదో అయిందనుకుని నా పైప్రాణాలు పైనే పోయాయి. పిన్ని షేర్ ఆటో ఆపి, అందులో ఉన్నవాళ్ళందరినీ దింపేసి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నర్సు చెయ్యి వేసి చూసి నవ్వేసింది.

"ఏటమ్మా, ఎక్కిళ్ళకే ఇంత కంగారా? నీరు మింగతాది, ఊపిరి తీయడం నేర్సుకుంటాది. ఎక్కిళ్ళు రావేటి మరి?"

బిడ్డని ఎవరు తలుచుకున్నారని పిన్ని అక్కడే ఆలోచనలో పడింది. "మీ అమ్మే, మరెవులు!" అంది.

నవ్వుకుంటూ ఇంటికి వచ్చేసేదాన్నే. కానీ ఎక్కిళ్ళు అంత పైన తెలుస్తున్నాయంటే చూడాలని డాక్టరమ్మ స్కాన్ చేసింది. తల పైకి పెట్టుకుని, కాళ్ళు కిందికి పెట్టుకుని దర్జాగా కూర్చుందమ్మా నీ మనవసంతానం. భయపడొద్దంది. ఇంకా టైముంది, చాలామంది వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారట. తిరక్కపోతే ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు, అందుకని రైలెక్కి దూరం వెళ్ళకుండా ఇక్కడే ఉండమంది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని నువ్వు వెనక గదికి సున్నం కూడా వేయించావు. కూతుర్ని తెచ్చుకోలేదేమని చుట్టాలు నిన్ను సాధిస్తారనీ తెలుసు. అయినా నేను రాలేను. నువ్వే రావాలి. తమ్ముడు నిన్ను రైల్లో తీసుకొచ్చి దువ్వాడ స్టేషన్లో దింపితే మీ అల్లుడు వచ్చి తీసుకొస్తారు. పొత్తిళ్ళకి నీ పాత నూలు చీరలు తీసుకురా, బాగా మెత్తబడినవి. కొంచెం మాగాయ కూడా. నాన్నకి, మామ్మకి నా నమస్కారాలు చెప్పు.

వినబడని దాన్ని, ఆ ఊళ్ళో నేనేం చేస్తానంటావు. నాకు తెలుసు. గట్టిగా మాట్లాడుతున్నావని ఎవరో నవ్వారని నువ్వు మాటలే మానేశావు. అది తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది. అమ్మా, బిడ్డకి వినబడుతోంది. మీ అల్లుడు పలకరిస్తే కదులుతుంది. ఇప్పుడు విన్న గొంతుల్ని పుట్టాక గుర్తుపడుతుందట. నీ గొంతు దానికి ఇంకా తెలియదు. వచ్చి నా పక్కన కూర్చుని మాట్లాడు, ఎంత గట్టిగానైనా సరే, ఎవరు నవ్వినా సరే. నీ మాట నీకు వినబడకపోయినా దానికి వినబడుతుంది.

మా ఇద్దరి మీదా నీ చల్లని చెయ్యి కోరుకుంటూ,
నీ కూతురు
పద్మ