హెపారిన్ అంటే ఎవురు పెద్దమ్మా?

మైపాడు,
14-9-2025, ఆదివారం.

చిరంజీవి సుభాషిణికి,

మీ అవ్వ పేరమ్మ మనసారా దీవించి రాస్తున్న జాబు. ఇక్కడ నేనూ మీ తాతా క్షేమం. నువ్వక్కడ క్షేమమని తలుస్తున్నాను. తలవడం తప్ప నాకు వేరే దారి ఉంచినావా? ఫోను చేస్తే ఎత్తవు. మెసేజి పెడితే నీలం గీతలు పడతాయి, జవాబు పడదు. జాబైతే పోస్టుమాన్ చేతిలో పెట్టి పోతాడు, చించి పారేసేలోపు నాలుగు ముక్కలైనా నీ కంట్లో పడతాయి. జీవితమంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, విననివాళ్ళకు ఎట్లా వినిపించాలో నాకు తెలుసు.

ముందు కబుర్లు. మీ తాత పడవెక్కడం మానినాడు గానీ పెత్తనం మానలేదు. ఒడ్డున కూర్చుని, పోయే ప్రతి పడవకీ గాలి ఎటుందో చెప్తాడు. వాళ్ళు సరే నరసయ్య తాతా అని, ఫోనులో చూసుకుని పోతారు. నిన్న ఎవరో వంజరం చేప ఇస్తే తెచ్చి, ఉప్పు లేకుండా పులుసు పెట్టుకో, నీ గుండెకు మంచిది అన్నాడు. ఉప్పులేని వంజరం తిని బతికి ఎవరిని ఉద్ధరించాలి అని చిటికెడు వేసినాను. చిటికెడే. డాక్టరుకు చెప్పబాక.

నా ఎడమకాలు బాగానే ఉంది, రెండు వేళ్ళు తక్కువ, అంతే. మెట్టె పెట్టే వేలు పోయిందని మీ తాతకు దిగులు. రెండో కాలికి ఉంది గదా, సగం పెళ్ళాన్నైనా మిగిలినాను, సంతోషించు అన్నాను.

ఇక అసలు సంగతి. నర్సు ఉద్యోగం వదిలేసి, వెంకటాచలంలో మీ మేనమామ ఇంట్లో చేరి, హైవే మీద టోల్‌గేటులో కూర్చుంటున్నావంట. లారీలకు గుండెజబ్బులు రావు, ఇంజెక్షన్లు అక్కర్లేదు, అందుకా? ఆ పని తక్కువదని నేననను. నీది కాదంటున్నాను.

నీ మనసులో ఏం తిరుగుతుందో నాకు తెలియదా? చేపలవేట బందైన రోజుల్లో నాకు గుండెపోటు వచ్చింది, నువ్వు పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చినారు. మూడు నాళాలు పూడినాయి, బైపాస్ చెయ్యాలి, అందాకా రక్తం గడ్డకట్టకుండా ఉండాలని డాక్టరు హెపారిన్ రాసినాడు. నీ డ్యూటీలో ఆ ఇంజెక్షన్ నువ్వే చేసినావు. వారం తిరిగేసరికి నా కాలు నీలమెక్కింది. పలచబరచాల్సిన మందే గడ్డలు కట్టించింది. వేళ్ళు తీసేసినారు, బైపాస్ వాయిదా పడింది. ఆ రోజు వార్డు బయట మీ నాన్న, మా అమ్మ కాలు నీ చేతులతోనే చెడగొట్టినావు గదమ్మా అన్నాడు. నేను మత్తులో ఉన్నాననుకున్నారు మీరిద్దరూ. ఉన్నాను, కానీ చెవులకు ఎవరూ మత్తివ్వలేదు.

మీ నాన్న మధుబాబుకు నేను పెట్టాల్సిన గడ్డి పెట్టినాను. ఒరే, ఆ మందు పడనిది నా ఒంటికి, ఆ సంగతి నా ఒంటికి కూడా అది ఎక్కినాకనే తెలిసింది, నీ కూతురు ముందే జోస్యం చెప్పాలా అన్నాను. వాడికి భయమేస్తే బుద్ధికంటే నోరు ముందు పరిగెత్తుతుంది, చిన్నప్పటినుంచీ అంతే. నీకు ఫోను చేసి క్షమించమని అడగరా అంటే, అదెత్తడం లేదమ్మా అని కళ్ళు తుడుచుకున్నాడు. నా కొడుకు ఏడవడం నేను చూడనట్టు నటించినాను, నువ్వూ నటించు.

డాక్టరు నాకు బొమ్మ గీసి చెప్పినాడు. కొందరి ఒళ్ళు హెపారిన్‌ని శత్రువనుకుంటుందంట. దానిమీద కోపంతో, గాయమైతే రక్తం ఆపే ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుందంట. అవన్నీ పోగై గడ్డలవుతాయి. నాకు అర్థమైంది. గోల ఆపమని తరగతిలోకి డ్రిల్లు మాస్టరును పంపితే, ఆయన్ను చూసి పిల్లలంతా వాకిట్లో పడి తొక్కుకుని, ఎవరూ బయటికి రాలేకపోయినట్టు. తప్పు డ్రిల్లు మాస్టరుదా, పంపిన హెడ్‌మాస్టరుదా, తలుపు తీసినదానిదా? నువ్వు తలుపు తీసినావు, అంతే.

నీకు ఇంజెక్షనే గుర్తుంది. నాకు వేరేది గుర్తుంది. ఆ ఉదయం దుప్పటి సర్దుతూ నా పాదం మీద చెయ్యి వేసి, అక్కడే ఆగిపోయినావు. అవ్వా, ఈ కాలు చల్లగా ఉందే, ఆ కాలు వెచ్చగా ఉందే అన్నావు. ఏసీ గాలి పడిందిలే, పనిచూసుకో అని కసిరినాను. నువ్వు వినలేదు. పరిగెత్తి డాక్టరును లాక్కొచ్చినావు. మందు ఆపమని ఆయన చెప్పగానే, చేతికున్న సూది గొట్టం కడగడానికి ఎక్కించేది కూడా అదే మందు సార్ అని, అదీ ఆపించినావు. ఇంకో పూట ఆలస్యమైతే మోకాలి దాకా తీసేవాళ్ళమని ఆయనే అన్నాడు. నువ్వు పోగొట్టిన వేళ్ళను లెక్కపెట్టుకుని ఏడుస్తున్నావు. నేను నువ్వు మిగిల్చిన కాలుతో నడుస్తున్నాను.

ఇక మీదట నాకు ఆ మందు ఎవరూ ఇవ్వకూడదని కార్డు ఇచ్చినారు. స్పృహ తప్పి పడిపోతే సంచిలో కార్డు ఎవరు వెతుకుతారు? అది ఒంటిమీదే ఉండాలని, బీచిలో పచ్చబొట్లు పొడిచే చెంచులక్ష్మి దగ్గరికి పోయి చెయ్యి చాపినాను. హెపారిన్ వద్దు అని పొడవమన్నాను. హెపారిన్ అంటే ఎవురు పెద్దమ్మా, మనవడా, పేరు చూస్తే దొరబాబులాగుండాడే అంది. మందు అంటే నమ్మలేదు. ఇష్టమైనోళ్ళ పేర్లు పొడిచినా గానీ వద్దు అని ఎవురికీ పొడవలేదు, అంత కోపమైతే వాణ్ణి మరిచిపో పెద్దమ్మా అని బుద్ధి చెప్పింది. మీ తాత పక్కన నిలబడి, పెళ్ళైన కొత్తలో నా పేరు పొడిపించుకోమంటే సూదంటే భయమన్నావు, ఇప్పుడు ఊరు తెలియనివాడి పేరుకు చెయ్యి చాస్తుండావే అని దెప్పినాడు. ఎందుకైనా మంచిదని డాక్టరుకు ఫోను చేస్తే, ఆయన కేకేసినాడు. ఇప్పుడు వేసుకునే మాత్రలూ రక్తం పలచబరిచేవే, సూదిపోట్లు పడితే నెత్తురు ఆగదమ్మా, వెంటనే లేచి ఇంటికి పో అన్నాడు. చివరికి వెండి కడియం చేయించి దానిమీద చెక్కించినాను.

బాగానే ఉంది. కానీ కడియం చూసి చదివే మనిషి కావాలి కదా. వార్డుల్లో అందరికీ హడావిడి. నిలబడి చదివేవాళ్ళు తక్కువ, దుప్పటి సర్దుతూ పాదం తాకి ఆగిపోయేవాళ్ళు ఇంకా తక్కువ. అట్లాంటి చెయ్యి ఒకటి టోల్‌గేటులో కూర్చుంటే, ఎవరి అవ్వకో ఏదో ఒక ఉదయం కాలు చల్లబడుతుంది. అది నాకు బాగాలేదు.

తిరిగి ఉద్యోగంలో చేరు. ఇంజెక్షన్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుందంటావా, వణకనీ. వణికే చెయ్యి ఒకటికి రెండుసార్లు చూసుకుంటుంది. మీ మేనమామను, అత్తను అడిగినానని చెప్పు. వేళకు తిను.

ఇట్లు,
నోటికి ఏ జబ్బూ లేని
మీ అవ్వ,
పేరమ్మ.

తా.క.: బైపాస్‌కు తొందరేం లేదని మీ తాతకూ, మీ నాన్నకూ చెప్పినాను. అది నిజం కాదు. వచ్చే నెల మొదట్లోనే చెయ్యాలి, ఇంక ఆగడానికి లేదన్నారు. హెపారిన్ బదులు వేరే మందుతో చేస్తామని చెన్నైలో ఒక ఆసుపత్రివాళ్ళు ఒప్పుకున్నారు. నాకు భయంగా ఉంది సుభా. చావంటే కాదు. ఇన్నాళ్ళూ నా నోరే నాకు కాపలా. అక్కడ రెండు మూడు రోజులు గొంతులో గొట్టం వేసి, నోరు లేకుండా పడుకోబెడతారంట. నిన్న అక్కడినుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, పక్కన ఎవరుంటారు అని అడిగింది. సుభాషిణి అని చెప్పినాను. ఆవిడ మీకు ఏమవుతారు అంది. మనవరాలు అని నోటిదాకా వచ్చింది. నర్సు అని చెప్పినాను.