సగటు చొక్కా

పిన్నికి,

నువ్వు కుట్టిన చొక్కా అందింది. "ఈ కొలతలు ఎవరివే? మెడ ఒకరిది, చేతులు ఇంకొకరివిలా ఉన్నాయి" అని నువ్వు ఫోన్లో అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

కాలేజీలో నా స్టాటిస్టిక్స్ క్లాసంటే పిల్లలకు కునికిపాట్లే. "ఇలాగైతే వచ్చే ఏడు ఈ సబ్జెక్టు ఎత్తేస్తానమ్మా" అన్నారు ప్రిన్సిపాల్. అందుకే సుద్దముక్క పక్కన పెట్టి, టేపు ఇచ్చి ఒకరినొకరు కొలుచుకోమన్నాను. ఆ కొలతలకు వాళ్లే సగటు కట్టారు. నీకు పంపింది ఆ సగటునే.

నిన్న అందరూ ఆ చొక్కా తొడిగి చూశారు. ఒకడికి మోచేతుల దగ్గరే ఆగిపోయింది. ఒకమ్మాయి అందులో మునిగిపోయింది. ఎవ్వరికీ సరిపోలేదు. ఎప్పుడూ నోరు విప్పని వెనకబెంచీ పిల్ల లేచి, "మా సగటు మాలో ఒక్కరికీ పట్టకపోతే దాన్ని నమ్మేదెలా మేడమ్?" అని నిలదీసింది. ఆ ప్రశ్న కోసమే కదా పిన్నీ, ఇన్నాళ్లూ నేను గొంతు చించుకున్నది! ఇక క్లాసంతా ఒకటే వాదన.

ఆ గోలకు ప్రిన్సిపాల్ విసురుగా వచ్చారు. సంగతి విని, తానే చొక్కా అందుకుని తొడుక్కున్నారు. అతికినట్టు సరిపోయింది! "సార్, మా సగటు మీరే!" అని ఎవరో అరిచారు. ఆయన పగలబడి నవ్వి, బెంచీ మీద కూర్చుని పాఠమంతా విన్నారు. వెళ్తూ వెళ్తూ, "సబ్జెక్టు ఎత్తెయ్యనులేమ్మా. చొక్కా మాత్రం తిరిగివ్వను" అన్నారు.

పక్క సెక్షన్ వాళ్ల కొలతలు ఇందులో పెడుతున్నాను. ఈసారి ఎవరివని అడక్కుండా కుట్టెయ్.

నీ అక్క కూతురు