వెనక వైపు జుట్టు

వదినకు,

పక్క వీధిలో ఉన్నదానికి ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుపడితే మళ్లీ మాటామాటా పెరుగుతుందని రాస్తున్నాను. ఆ రోజు సంగతి ఎత్తనులే.

నువ్వు మన పార్లర్ వదిలి వేరే షాపులో పనికి చేరాక, సాయంత్రాలు ఇంగ్లిషు క్లాసుకు పోతున్నాను. అక్కడో వింత నా బుర్ర తొలిచేస్తోంది. మనం కడుక్కున్నా, దువ్వుకున్నా, కోసుకున్నా అన్నిటికీ 'కొను' అనే ఒకే తోక తగిలిస్తాం. వాళ్లు అలా కాదు. "ఐ వాష్డ్" అంటే చాలట, ఎవరి ఒళ్లు వాళ్లే కడుక్కుంటారు కదా అంటుంది టీచరు. చెయ్యి కోసుకుంటే మాత్రం "ఐ కట్ మైసెల్ఫ్" అనాలట, లేకపోతే దేన్ని కోశావని అడుగుతారట. ఎందుకలా? నీకేమైనా తోస్తుందా?

ఆ వాక్యం నాకు ఊరికే రాలేదు. మెడ మీద జుట్టు పెరిగి చిరాకేస్తుంటే, రెండు అద్దాలు పెట్టుకుని నేనే కత్తిరించుకోబోయాను. చెయ్యి ఇటు అంటే అటు పోయి చెవి తెగింది. క్లాసులో ఇదంతా ఇంగ్లిషులో చెబితే టీచరు, "వాక్యం కరెక్టే. ఇన్నాళ్లూ ఎవరు కత్తిరించేవాళ్లు?" అంది.

"మా వదిన. ఆవిడకి నేను" అన్నాను.

"అయితే దానికి మైసెల్ఫ్ కుదరదు" అని నవ్వింది.

ఇంతకీ నీ జుట్టు ఇప్పుడెవరు కత్తిరిస్తున్నారు? ఎవరైతేనేం. ఎడమ చెవి వెనక నీకు సుడి ఉందనీ, అక్కడ పొట్టిగా కోస్తే జుట్టు లేచి నిలబడుతుందనీ వాళ్లకు చెప్పు. చెప్పడానికి మొహమాటమైతే సెలవు రోజున ఇటే వచ్చెయ్. మాట్లాడక్కర్లేదు. ముందు నాది కత్తిరించు, తర్వాత నీది.

నీ ఆడపడుచు